ఒకే తొట్టి, ఒకే స్టిర్రర్ వేగం: ఆక్సిజన్ బదిలీ వేగం మాత్రం రన్ రన్‌కీ తగ్గుతోంది

#1 | తొట్టి30

గాలిలోంచి నీటిలోకి ఆక్సిజన్ ఎంత వేగంగా దిగుతుందో కొలుస్తున్నాను. ఏర్పాటు ఇదీ.

అక్రిలిక్ తొట్టి. అడుగు 40 × 30 సెం.మీ., నీటి లోతు 25 సెం.మీ., అంటే 30 లీటర్లు. మూత లేదు. స్టిర్రర్ పైనుంచి దిగుతుంది, బ్లేడు నీటిమట్టానికి 12 సెం.మీ. కింద ఉంటుంది, నిమిషానికి 120 చుట్లు. ఒక ఆప్టికల్ డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ప్రోబ్, అదీ పైనుంచే దించాను, నిమిషానికో రీడింగు. డీఅయొనైజ్డ్ నీరు. ఆక్సిజన్ తీసేయడానికి ప్రతి రన్‌కీ 5 గ్రాముల సోడియం సల్ఫైటు, 12 మి.గ్రా. కోబాల్ట్ క్లోరైడు వేశాను. మూడు రన్‌లూ అదే నీటిలో, రెండేసి రోజుల తేడాతో.

ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య తిరిగింది, సగటు 26. లోటుకు (స్థిరంగా పెట్టుకున్న సంతృప్త విలువలోంచి డీఓ తీసేయగా మిగిలినదానికి) లాగ్ గీసి, వాలును లోతుతో గుణిస్తే బదిలీ వేగం వరసగా గంటకు 4.6, 3.2, 2.4 సెం.మీ. వచ్చింది. సల్ఫైటు వేశాక డీఓ సున్నా దగ్గరే ఉండిపోయిన సమయం కూడా పెరిగింది: సుమారు 9, 13, 17 గంటలు. లాగ్ గీత 80 శాతం సంతృప్తి దాకా తిన్నగానే ఉంది, ఆ తర్వాత వంగిపోతోంది.

ప్రోబ్ పాడైందా? సల్ఫైటు పేరుకుపోతోందా? స్టిర్రర్ వేగం టాకోమీటరుతో చూశాను, మారలేదు.

#2 | బ్యూరెట్

ముందు సల్ఫైటు లెక్క తేల్చుకుందాం. 1 మి.గ్రా. ఆక్సిజన్‌కు 7.88 మి.గ్రా. సోడియం సల్ఫైటు కావాలి. 26 డిగ్రీల దగ్గర, సముద్రమట్టపు పీడనంలో సంతృప్త డీఓ లీటరుకు 8.11 మి.గ్రా. 30 లీటర్లకు 243 మి.గ్రా. ఆక్సిజన్, దానికి 1.92 గ్రాముల సల్ఫైటు. పాత సీసాలో పొడి కొంత ముందే ఆక్సీకరణ చెంది ఉంటుంది కాబట్టి 10 నుంచి 20 శాతం ఎక్కువ వేస్తాం. 2.2 గ్రాములు చాలు. మీరు వేసింది రెండింతలకు పైనే.

బుడగలు ఊదే తొట్టిలో అయితే మిగులు సల్ఫైటు నిమిషాల్లో తీరిపోతుంది. మీది పైనుంచి మాత్రమే ఆక్సిజన్ దిగే తొట్టి. మిగిలిన 3.08 గ్రాములు ఇంకో 390 మి.గ్రా. ఆక్సిజన్‌ను మింగాకే డీఓ కదులుతుంది. ఆ సున్నా గంటలన్నీ ఆ మిగులుకు పోయినవే.

కోబాల్ట్ ఉత్ప్రేరకం, ఖర్చు కాదు. అదే నీటిలో మళ్లీ మళ్లీ వేయకూడదు. 12 మి.గ్రా. హెక్సాహైడ్రేటు అంటే లోహంగా సుమారు 3 మి.గ్రా., లీటరుకు 0.1. అది ఒకసారికి సరిపోయింది. మూడోసారికి 0.3 అయింది. కోబాల్ట్ ఎక్కువైతే చర్య మరీ చురుకై, ఆక్సిజన్ లోపలి నీటికి చేరకముందే పైపొరలోనే ఖర్చయ్యే పరిస్థితి రావచ్చు. అప్పుడు బదిలీ ఉన్నదానికన్నా వేగంగా కనిపిస్తుంది.

సల్ఫైటును పొడిగా చల్లకండి. బీకరులో వెచ్చని నీటితో కరిగించి, స్టిర్రర్ తిరుగుతుండగా నీటి లోపలికి గొట్టంతో వదలండి. కోబాల్ట్ దానికన్నా కనీసం అరగంట ముందు కలిసిపోయి ఉండాలి. గ్లవ్స్ తప్పనిసరి. ఆ నీరు సింకులోకి పోకూడదు, లోహ వ్యర్థాల డబ్బాలోకే పోవాలి.

#3 | సన్నగీత

తొట్టి30 గారూ, మీ అంకెల్లోనే జవాబు దాగి ఉంది. బదిలీ వేగాన్ని సున్నా గంటలతో గుణించి చూడండి.

4.6 × 9 = 41
3.2 × 13 = 42
2.4 × 17 = 41

మిగులు సల్ఫైటు మూడుసార్లూ ఒకటే. అది తీరడానికి దిగాల్సిన ఆక్సిజన్ కూడా ఒకటే. డీఓ సున్నాగా ఉన్నంతసేపు గంటకు దిగే ఆక్సిజన్ = బదిలీ వేగం × సంతృప్త విలువ × వైశాల్యం. గంటకు 4.6 సెం.మీ. అంటే 0.046 × 8.11 × 0.12, గంటకు సుమారు 45 మి.గ్రా. 390ని 45తో భాగిస్తే 8.7 గంటలు. మూడో రన్‌కు ఇదే లెక్క 16.7 గంటలు ఇస్తుంది.

ఈ సున్నా సమయానికీ ప్రోబ్ చురుకుదనానికీ, క్యాలిబ్రేషన్‌కూ సంబంధం లేదు. కదలిక ఎప్పుడు మొదలైందో చెప్పగలిగితే చాలు. రెండు వేర్వేరు దారుల్లో ఒకే నిష్పత్తి వచ్చింది కాబట్టి ప్రోబ్ నిజమే చెబుతోంది. మీ తొట్టిలో వాయు మార్పిడి నిజంగానే సగానికి పడిపోయింది. కోబాల్ట్ పెరుగుదల పెద్ద ప్రభావమే చూపి ఉంటే మూడో రన్‌లో సున్నా సమయం తగ్గాలి, ఈ లబ్ధమూ తగ్గాలి. తగ్గలేదు.

ప్రోబ్ స్పందన గురించీ ఒక మాట. ప్రోబ్ కాలస్థిరాంకం, అంటే 63 శాతం మార్పుకు పట్టే సమయం, 0.02 ÷ కెఎల్‌ఎ (బదిలీ వేగం ÷ లోతు, అంటే మీ లాగ్ గీత వాలు) కన్నా తక్కువ ఉంటే దిద్దుబాటు అక్కర్లేదు. మీ కెఎల్‌ఎ 4.6 ÷ 25 = గంటకు 0.184. పరిమితి ఆరున్నర నిమిషాలు. ఏ ప్రోబ్ అయినా సరిపోతుంది. బుడగలు ఊది కెఎల్‌ఎ గంటకు 20కి తీసుకెళ్తే అదే పరిమితి 3.6 సెకన్లు అవుతుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది.

#4 | పైపొర

సన్నగీత గారు చూపింది గట్టి ఆధారం. మిగిలిన అనుమానితుడు ఒక్కటే: నీటి మీద పేరుకున్న సర్ఫాక్టెంట్ (తలతన్యతను తగ్గించే పదార్థం) పొర.

25 డిగ్రీల దగ్గర నీటిలో ఆక్సిజన్ విసరణ గుణకం సెకనుకు సుమారు 2.1 × 10⁻⁹ చదరపు మీటర్లు. దాన్ని బదిలీ వేగంతో భాగిస్తే నిరోధమంతా ఎంత మందంలో ఉందో తెలుస్తుంది. మొదటి రన్‌లో 0.16 మి.మీ., మూడో రన్‌లో 0.31 మి.మీ. 25 సెం.మీ. లోతున్న తొట్టిలో మీరు కొలుస్తున్నదల్లా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని ఈ పొరనే. 1923లో విట్మన్ ఈ నిరోధాన్ని కదలని పొరగా ఊహించాడు. 1951లో డాంక్‌వర్ట్స్ ఇంకో బొమ్మ ఇచ్చాడు: కింది నుంచి కొత్త నీటి ముద్దలు పైకి వచ్చి, కాసేపు గాలికి తగిలి, మళ్లీ కిందికి పోతుంటాయి. మీ సమస్య అర్థం కావాలంటే ఈ రెండో బొమ్మే పనికొస్తుంది.

సుడి పైకి వచ్చి ఉపరితలాన్ని పక్కలకు విప్పాలి. శుభ్రమైన నీరైతే హాయిగా విప్పుకుంటుంది. కొవ్వు, నూనె, ప్రోటీను అణువులు ఒక్క వరసగా పరుచుకుని ఉంటే, సుడి విప్పిన చోట అవి పలచబడి అక్కడ తలతన్యత పెరుగుతుంది, చుట్టూ చిక్కగా ఉన్నచోట తక్కువగా ఉంటుంది. ఆ తేడా ఉపరితలాన్ని వెనక్కి లాగేస్తుంది. నీటిపైన సాగే గుడ్డ పరిచినట్టు అవుతుంది. సుడి దాని కిందే ఆగిపోతుంది. పొర ఆక్సిజన్‌కు అడ్డుగోడలా నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఇంత పల్చని పొరలో ఆ నిరోధం లెక్కలోకి రాదు. బదిలీని తగ్గించేది కదలిక ఆగిపోవడమే. గాలి సొరంగాల్లోనూ ఇదే కనబడింది. 1978లో బ్రోకర్, పీటర్మన్, సీమ్స్ అలలు మొదలవగానే కార్బన్ డయాక్సైడ్ మార్పిడి జోరుగా పెరగడం, ఏకాణు పొర వేస్తే తగ్గిపోవడం రెండూ చూపించారు.

మీ ఏర్పాటులో ఈ మురికి వచ్చే దారులు చాలా ఉన్నాయి. స్టిర్రర్ షాఫ్టు బేరింగు గ్రీజు నీటిలోకి జారుతుంది. ప్రోబ్ కేబులు, దాన్ని పట్టుకున్న చేయి, మెత్తని ప్లాస్టిక్ గొట్టాల్లోంచి ఊరే ప్లాస్టిసైజరు, గదిలో దుమ్ము, రోజుల తరబడి నిలవున్న నీటిలో పెరిగే సూక్ష్మజీవులు. అదే నీరు మూడు రన్‌లకు వాడారు కాబట్టి రోజురోజుకీ పోగయింది.

చేయాల్సినవి చెబుతాను. వరస ముఖ్యం.

తొట్టి, బ్లేడు, షాఫ్టు, ప్రోబ్ బయటి గొట్టం ఇథనాల్‌తో తడిపిన, నూలు రాలని గుడ్డతో తుడవండి. అక్రిలిక్ కాబట్టి ఇథనాల్ నిలవుంచకండి, సన్నని పగుళ్లు వస్తాయి. తుడిచి వెంటనే కడిగేయాలి. ప్రోబ్ సెన్సర్ టోపీకి మాత్రం ఇథనాల్ తగలనీయకండి. సబ్బు వాడితే అదే సర్ఫాక్టెంటు, ఎన్ని నీళ్లు పోసినా కొంత మిగులుతుంది. తర్వాత వేడినీటితో మూడు నాలుగుసార్లు, చివర డీఅయొనైజ్డ్ నీటితో. ఆపైన లోపలి గోడలను చేత్తో ముట్టుకోకూడదు.

నీటిని అడుగునుంచి నింపండి, అంచుదాకా తెచ్చి పొర్లనివ్వండి. పైపొర దానంతటదే బయటికి పోతుంది. 5 లీటర్లు పొర్లించాక కావలసిన మట్టానికి దించండి.

రన్ మొదలుపెట్టే ముందు స్టిర్రర్ ఆపి, వాక్యూమ్ పంపుకు కట్టిన గాజు గొట్టం మొనను నీటిని తాకీ తాకనట్టు పెట్టి, ఉపరితలమంతా మెల్లగా తిప్పండి. గాలీ నీరూ కలిసి గురగురమంటూ పోతుంటే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో సీసా ట్రాప్ లేకపోతే పంపు పాడవుతుంది. మొత్తం 200 మి.లీ. దాకా పోతుంది, లోతు లెక్కలో దాన్ని తీసేయండి. ఒక్కసారి చాలదు. పది నిమిషాలు తిప్పి, ఆపి, మళ్లీ తీయండి. లోపల కరిగి ఉన్నది మళ్లీ పైకి చేరుతుంది.

ప్రోబ్‌నూ షాఫ్టునూ పైనుంచి దించకుండా ఉండగలిగితే ఇంకా మేలు. ప్రోబ్‌ను పక్కగోడలో రంధ్రం చేసి ఓరింగుతో బిగించవచ్చు. షాఫ్టు బదులు అడుగున మాగ్నెటిక్ బార్ పెడితే గ్రీజు బాధ ఉండదు, కానీ 30 లీటర్లకు దాని తిప్పుడు చాలకపోవచ్చు.

#5 | తొట్టి30

ధన్యవాదాలు. ఆ గుణకారం నాకు తట్టనేలేదు. షాఫ్టు మీద గ్రీజు జాడ ఉంది, చూశాను.

ఒక సందేహం. పొర ఉందో లేదో తలతన్యత కొలిచి తేల్చవచ్చా? ప్లేటు పద్ధతి పరికరం అందుబాటులో ఉంది.

#6 | పైపొర

తేల్చలేరు. 25 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీటికి మీటరుకు 72.0 మిల్లీన్యూటన్లు. అది చాలా కొద్దిగా తగ్గినా సుళ్లు అణగిపోవడానికి సరిపోతుంది, ఆ తేడా ప్లేటు కొలతలో వచ్చే మామూలు తప్పులో కలిసిపోతుంది. 70 వచ్చిందంటే మురికి ఉన్నట్టే. 72 వచ్చినంతమాత్రాన లేదని మాత్రం అనలేం.

రన్ పూర్తయ్యాక, నీరు పారబోసే ముందు, చిటికెడు టాల్కం పొడి చల్లి చూడండి. స్టిర్రర్ తిరుగుతుంటే శుభ్రమైన నీటి మీద పొడి నిరంతరం పారుతుంది, విడిపోతుంది, కొత్త ఖాళీలు తెరుచుకుంటాయి. పొర ఉంటే కింద నీరు తిరుగుతున్నా పైన పొడి ఒక మూల అట్టకట్టినట్టు నిలబడిపోతుంది. ముందే చల్లకండి, పొడే మురికి.

#7 | సన్నగీత

లాగ్ గీత వంపు గురించి. మీరు సంతృప్త విలువను ఒకే అంకెగా, 8.11గా పెట్టుకున్నారు కదా. 24 డిగ్రీల దగ్గర అది 8.42, 27 దగ్గర 7.97. రాత్రికీ పగటికీ మధ్య 0.45 మి.గ్రా. తేడా. డీఓ 95 శాతం దగ్గరకొచ్చినప్పుడు మిగిలిన లోటే 0.4. అంటే మీరు లాగ్ తీస్తున్న సంఖ్య మొత్తం ఉష్ణోగ్రత ఊగిసలాటే అయిపోయింది. 80 శాతం దాకా తిన్నగా ఉండి తర్వాత వంగడానికి కారణం ఇదే.

తొట్టిని వాటర్ బాత్‌లో పెట్టి ఉష్ణోగ్రతను 0.2 డిగ్రీల లోపు పట్టి ఉంచడం ఉత్తమం. కుదరకపోతే ప్రతి రీడింగుకూ ఆ క్షణపు ఉష్ణోగ్రతతో సంతృప్త విలువ లెక్కగట్టి సమీకరణాన్ని చిన్న చిన్న అంగలుగా సాధించండి.

పీడనం కూడా చూడాలి. సంతృప్త విలువ బయటి పీడనంలోంచి నీటి ఆవిరి పీడనం తీసేయగా మిగిలినదానికి అనుపాతంలో ఉంటుంది. 26 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం 3.36 కిలోపాస్కల్. గదిలో 95 కిలోపాస్కల్ ఉంటే 8.11 × 91.64 ÷ 97.97, అంటే 7.59. వాతావరణ కేంద్రాలు ప్రకటించేది సముద్రమట్టానికి దిద్దిన పీడనం, దాన్ని వాడితే పప్పులో కాలేసినట్టే. గదిలోని బారోమీటరు రీడింగే వాడండి.

లాగ్ గీసి వాలు తీయడం మానేయండి. చివరి బిందువుల్లో చిన్న తప్పు లాగ్‌లో కొండంత అవుతుంది. మూడు తెలియని విలువలు పెట్టి, సంతృప్త విలువ, మొదటి డీఓ, కెఎల్‌ఎ, ఎక్స్‌పొనెన్షియల్ వక్రాన్ని నేరుగా డీఓ మీదే అమర్చండి. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటేనే ఈ మూడు విలువల అమరిక చెల్లుతుంది. సంతృప్తిలో 20 శాతం కన్నా కింది బిందువులు వదిలేయండి, అక్కడ మిగులు సల్ఫైటు ప్రభావం ఉంటుంది. రన్ కనీసం 4 ÷ కెఎల్‌ఎ గంటలు సాగాలి, అప్పటికి 98 శాతం చేరుతుంది. మీకు అది 22 గంటలు, మురికి నీటిలో 42 గంటలు. శుభ్రమైన నీటిలో ఏరేటర్లను పరీక్షించే అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సంఘం ప్రమాణం కూడా ఈ రెండు హద్దులే పెడుతుంది.

అన్ని రన్‌లనూ పోల్చేముందు 20 డిగ్రీలకు మార్చండి: కెఎల్‌ఎను 1.024 కి (20 − ఉష్ణోగ్రత) ఘాతంతో గుణించాలి. 26 డిగ్రీలకు ఆ గుణకం 0.867.

22 గంటలు ఎక్కువనిపిస్తే లోతు తగ్గించండి. 10 సెం.మీ. నీటితో అదే బదిలీ వేగానికి కెఎల్‌ఎ రెండున్నర రెట్లవుతుంది. కానీ బ్లేడును కిందికి దించాలి, అయినా అది ఉపరితలానికి దగ్గరవుతుంది, అప్పుడు బదిలీ వేగమే మారుతుంది, అందుకని వేర్వేరు లోతుల ఫలితాలు కలిపేయకండి.

#8 | నురగ

సల్ఫైటు ఎందుకసలు? నైట్రోజన్ ఊదితే కోబాల్ట్ లేదు, వ్యర్థాల గొడవ లేదు, ఉప్పు పేరుకోదు. సన్నని రంధ్రాల స్టోన్‌తో నిమిషానికి 5 లీటర్లు ఊదితే 30 లీటర్ల నీరు అరగంట ముప్పావుగంటలో లీటరుకు 1 మి.గ్రా. కిందికి వస్తుంది. అంతకన్నా దించక్కర్లేదు కూడా, 20 శాతం కింది బిందువులు ఎలాగూ పారేస్తారు. పైగా బుడగలు లోపలి సర్ఫాక్టెంటును పట్టుకుని పైకి తెస్తాయి. ఊదడం ఆపగానే పైన తీసేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

ఊదాక 15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. గోడలకు, బ్లేడుకు, ముఖ్యంగా ప్రోబ్ ముఖానికి అంటిన బుడగలను మెత్తటి బ్రష్షుతో తుడిచేయాలి. ప్రోబ్ ముఖం మీద ఒక్క బుడగ ఉన్నా రీడింగు నీటిది కాదు, బుడగది. తొట్టి గోడలు నీటికన్నా ఎత్తుగా ఉంటే ఆ ఖాళీలో నైట్రోజన్ నిలిచి ఉంటుంది, రన్ మొదట్లో నీటిపైన 21 శాతం ఆక్సిజన్ ఉండదు. పక్కనుంచి ఫ్యానుతో తోలి, తర్వాత ఫ్యాను ఆపేయాలి. గది తలుపులు తెరిచి ఉంచండి, మూసిన గదిలో నైట్రోజన్ ప్రాణాంతకం.

#9 | బ్యూరెట్

పై నుంచి మాత్రమే బదిలీ జరిగే తొట్టికి నైట్రోజనే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. వందల ఘనమీటర్ల ఏరేషన్ ట్యాంకుకు అన్ని సిలిండర్లు తేలేక సల్ఫైటు వచ్చింది. 30 లీటర్లకు ఆ అవసరం లేదు. అయితే సల్ఫైటు మిగులు వల్లే ఇక్కడ రెండో సాక్ష్యం దొరికింది, అది మరవకూడదు.

ఏది వాడినా ప్రోబ్‌ను వింక్లర్ టైట్రేషన్‌తో (డీఓను అయొడిన్‌గా మార్చి థయోసల్ఫేటుతో కొలిచే రసాయన పద్ధతితో) సరిచూడండి. 200 మి.లీ. నమూనాకు 0.025 నార్మల్ థయోసల్ఫేటు వాడితే 1 మి.లీ. ఖర్చు అంటే లీటరుకు 1 మి.గ్రా. డీఓ. సల్ఫైటు మిగిలున్న నీటిలో వింక్లర్ చేయకండి. అది విడుదలైన అయొడిన్‌ను తినేస్తుంది, డీఓ తక్కువగా వస్తుంది, మీరేమో ప్రోబ్ ఎక్కువ చూపిస్తోందనుకుని మంచి క్యాలిబ్రేషన్‌ను చెడగొడతారు. రన్ చివర్లో, సంతృప్తికి చేరాక తీయండి. నమూనాను సైఫనుతో సీసా అడుగునుంచి నింపి, సీసాకు రెండు మూడింతలు పొర్లనివ్వాలి.

#10 | తెప్ప

ఇదే తొట్టిలో కార్బన్ డయాక్సైడుతో కొలవాలంటే? ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజరు ఉంది. నీటిపైన మూత బిగించి, లోపలి గాలిని ఎనలైజరు గుండా తిప్పాలని ఆలోచన.

#11 | వాయుపథం

చేయవచ్చు, కానీ ఆక్సిజన్ లెక్కను యథాతథంగా వాడితే పెద్ద తప్పు వస్తుంది.

ఆక్సిజన్ నీటిలో అంతగా కరగదు, 25 డిగ్రీల దగ్గర సమతౌల్యంలో నీటిలోని గాఢత గాలిలోని గాఢతకు 0.03 వంతే. కార్బన్ డయాక్సైడుకు అది 0.83. మూసిన పెట్టెలో నీటిలోంచి బయటికొచ్చిన వాయువు పైనున్న గాలి గాఢతను పెంచుతుంది, అది మళ్లీ వెనక్కి నెడుతుంది. అందుకని రేటు = బదిలీ వేగం × వైశాల్యం × (1 ÷ నీటి ఘనపరిమాణం + కరుగుదల నిష్పత్తి ÷ గాలి ఘనపరిమాణం). నీరు 30 లీటర్లు, పైన గాలి 30 లీటర్లు, బదిలీ వేగం 3 సెం.మీ. అనుకోండి. రేటు గంటకు 0.22. రెండో పదం మరిచిపోయి, ఇదే రేటును తెరిచిన తొట్టి సూత్రంలో పెడితే 3కు బదులు 5.5 సెం.మీ. వస్తుంది. గాలి ఘనపరిమాణంలో ఎనలైజరు, గొట్టాలు, పంపు లోపలి ఖాళీ కూడా కలపాలి.

రెండోది రసాయనం. కార్బన్ డయాక్సైడు నీటిలో బైకార్బొనేటుగా మారుతుంది. పీహెచ్ 8 ఉంటే కరిగిన కార్బన్‌లో దాదాపు అంతా బైకార్బొనేటే, కొలిచే వాయువుకు వెనక పెద్ద నిల్వ ఉన్నట్టు. నెమ్మది నీటిలో పైపొరలో జరిగే చర్య బదిలీనే వేగవంతం చేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 4.5 కిందికి తెస్తే బైకార్బొనేటు 1.4 శాతానికి తగ్గుతుంది, అప్పుడు కొలిచేది శుద్ధ భౌతిక బదిలీ. ఆమ్లం వద్దనుకుంటే నైట్రస్ ఆక్సైడు వాడండి. దాని ష్మిట్ సంఖ్య (నీటి గతిజ స్నిగ్ధతను ఆ వాయువు విసరణ గుణకంతో భాగిస్తే వచ్చేది) కార్బన్ డయాక్సైడుకు దగ్గరగా ఉంటుంది, నీటితో చర్య జరపదు.

ఒక హెచ్చరిక: సల్ఫైటు వాడిన నీటిలో ఆమ్లం పోయకండి. సల్ఫర్ డయాక్సైడు వస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. కొత్త నీరు పట్టాలి.

మూడోది తేమ. నీటిపైన గాలి ఆవిరితో నిండి ఉంటుంది. గొట్టం తొట్టిలోని నీటికన్నా చల్లగా ఉన్నచోట నీటిబొట్లు కడతాయి, ఎనలైజరు అద్దం మీద కడితే రీడింగు పైకి కిందికి దూకుతుంది. ఎనలైజరుకు ముందు తేమను తీసేసే నాఫియాన్ గొట్టం గానీ మెగ్నీషియం పెర్‌క్లోరేటు గానీ పెట్టండి. తిరిగొచ్చే గాలి నేరుగా నీటిమీద పడకుండా పక్కగోడ వైపు తిప్పండి, లేకపోతే అలలు లేపేది మీ పంపే. చివరగా పెట్టెను పొడిగా ఉంచి కార్బన్ డయాక్సైడు 5000 పీపీఎం దాకా నింపి, రాత్రంతా వదిలి కారుడు కొలవండి. ఆ కారుడు రేటు కొలవబోయే రేటులో వందో వంతుకన్నా ఎక్కువుంటే మూత సీలు మార్చాలి.

#12 | తెప్ప

అయితే ఆక్సిజన్‌తోనే కొలిచి, ష్మిట్ సంఖ్యతో కార్బన్ డయాక్సైడుకు మార్చుకోవడం తేలిక కదా?

#13 | పైపొర

తేలికే, ఘాతాంకం తెలిస్తే. బదిలీ వేగం ష్మిట్ సంఖ్య ఏ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందో అదే ఆ ఘాతాంకం. 20 డిగ్రీల మంచినీటిలో ఆక్సిజన్ ష్మిట్ సంఖ్య 530, కార్బన్ డయాక్సైడుకు 600. ఉపరితలం స్వేచ్ఛగా కదిలితే ఘాతాంకం 1/2, గుణకం 0.94. పొర పట్టి గోడలా బిగిస్తే 2/3, గుణకం 0.92. తేడా రెండు శాతమే కాబట్టి ఈ జంటకు బెంగ లేదు. హీలియంకో సల్ఫర్ హెక్సాఫ్లోరైడుకో మార్చాలంటే మాత్రం ఘాతాంకం కొలిచి తీరాలి.

ఆ కొలత ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు జంటతో చేయబోకండి. 530, 600ల నిష్పత్తికి సహజ లాగ్ 0.124. బదిలీ వేగాల నిష్పత్తిలో 3 శాతం తప్పుంటే ఘాతాంకంలో 0.24 తప్పు వస్తుంది, 1/2కూ 2/3కూ మధ్య తేడాయే 0.17. హీలియం ష్మిట్ సంఖ్య సుమారు 150, సల్ఫర్ హెక్సాఫ్లోరైడుది సుమారు 950. వాటి నిష్పత్తి లాగ్ 1.85. అదే 3 శాతం తప్పు అక్కడ 0.016కి తగ్గుతుంది. రెండు వాయువులనూ ఒకే నీటిలో ఒకేసారి కరిగించి ఒకే రన్‌లో కొలవాలి. వేర్వేరు రోజుల్లో కొలిస్తే ఉపరితలం మారిపోతుంది, ఈ చర్చ మొదలైందే ఆ సంగతితో.

#14 | తొట్టి30

కొత్తగా చేసిన రన్‌ల అంకెలు. తొట్టి ఇథనాల్‌తో తుడిచి వేడినీటితో కడిగాను. బేరింగు కింద షాఫ్టుకు చిన్న గిన్నె కట్టాను, గ్రీజు అందులోనే ఆగుతుంది. ప్రోబ్ పక్కగోడలోంచి. ప్రతి రన్‌కూ కొత్త నీరు, పొర్లించి, నైట్రోజన్ ఊది, ఆపాక రెండుసార్లు పైపొర పీల్చి, 20 నిమిషాలు ఆగి మొదలుపెట్టాను. నీటి ఉష్ణోగ్రత 26.0, ఊగిసలాట 0.1. వక్రాన్ని నేరుగా అమర్చాను.

గంటకు 4.7, 4.6, 4.8 సెం.మీ. చివర్లో టాల్కం పొడి ఆగకుండా పారింది.

ఒక్కటి తేలలేదు. మూడో రన్‌లో డీఓ బారోమీటరు లెక్క ప్రకారం రావలసిన సంతృప్త విలువకు 0.15 మి.గ్రా. కింద ఆగిపోయింది. మొదటి రెండింటిలో అలా లేదు. మూడో రన్ నీరు మాత్రం నాలుగు రోజులు ప్లాస్టిక్ డ్రమ్ములో నిలవున్నది.

#15 | బ్యూరెట్

డ్రమ్ము నీటిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగుతున్నాయేమో చూడాలి. స్థిరస్థితిలో తాగుడు = కెఎల్‌ఎ × లోటు. మూడో రన్‌కు 4.8 ÷ 25 = 0.192, దాన్ని 0.15తో గుణిస్తే గంటకు లీటరుకు 0.029 మి.గ్రా. ఆ డ్రమ్ము నీటినే గాలితో సంతృప్తం చేసి, బుడగ లేకుండా 300 మి.లీ. బీఓడీ సీసాలు (గాలి చొరబడని మూత ఉన్నవి) నాలుగు నింపండి. రెండింటికి వెంటనే వింక్లర్, రెండింటిని 26 డిగ్రీల దగ్గర చీకట్లో 24 గంటలు ఉంచి అప్పుడు. తేడా 0.7 దగ్గర వస్తే తాగుడే కారణం. కదలకపోతే క్యాలిబ్రేషన్ మళ్లీ చూడాలి.

#16 | సన్నగీత

తాగుడే అయినా మీ 4.8 చెడదు. తాగుడు రేటు రన్ అంతా ఒకేలా ఉంటే అది చివరి విలువను దించుతుందే తప్ప కెఎల్‌ఎను మార్చదు. మూడు విలువల అమరికలో సంతృప్త విలువను స్వేచ్ఛగా వదిలారు కదా, ఆ 0.15 అందులోకి పోయింది. బారోమీటరు విలువను బలవంతంగా బిగించి అమర్చి ఉంటే మాత్రం మూడో రన్ మిగతా రెండింటికన్నా తక్కువగా వచ్చేది.